సాక్షికి ఎంత పెద్ద కన్ను కావాలి?

పెళ్లికి సాక్షి అగ్ని. ఈ మాట మనకెవరూ ప్రత్యేకంగా నేర్పరు. పెళ్లిళ్లకు వెళ్లి వెళ్లి అదే వంటబడుతుంది. కన్యాదానం వేళ పురోహితుడు ప్రవర చెబుతూ ముత్తాత పేరు, తాత పేరు, తండ్రి పేరు వరసగా పలుకుతాడు. అంటే లేనివాళ్లు కూడా పేర్లుగా వచ్చి మండపంలో నిలబడతారు. ఎదురుగా హోమగుండం, చుట్టూ బంధువులు, చివర్లో చూపించడానికి ఆకాశంలో అరుంధతి. ఇందరు సాక్షులున్న చోటికి నేను కెమెరా భుజాన వేసుకొని వెళ్తాను. అక్కడ నేనెవరిని? నేనూ ఒక సాక్షినేనా? కూలి తీసుకొని వచ్చిన పనివాణ్ణా? ఇద్దరి మధ్య దూరిన మూడో మనిషినా? ఈ ప్రశ్న నాకు ఏ ప్రవచనం వింటున్నప్పుడో పుట్టలేదు. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు మారాలా వద్దా అని లెక్కలు వేసుకుంటున్నప్పుడు పుట్టింది.

నేనుండేది కృష్ణానగర్‌లో. సినిమా స్టూడియోలు, ఆఫీసులు పైన జూబ్లీహిల్స్‌లో, ఫిల్మ్‌నగర్‌లో ఉంటే, వాటిలో పనిచేసే జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, అసిస్టెంట్లు, మాబోటి ఫొటోగ్రాఫర్లు ఎక్కువగా ఈ సందుల్లో ఉంటారు. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు. కెమెరాలు సర్వీసింగుకు ఇచ్చుకోవడానికి, పెళ్లివాళ్ల దగ్గర ఆగిపోయిన బాకీలు అడగడానికి, కొత్త బాడీ సంగతి ఆలోచించడానికి మాకు దొరికేది ఆ నెలే. నాతో సెకండ్ కెమెరా పట్టే కుర్రాడు, "అన్నా, ఇంకెన్నాళ్లు ఈ క్రాప్ సెన్సార్ మీద? శ్రావణం లోపల మారిపోదాం" అని ఒకటే పోరు. బాడీ ఒక్కటే లక్షన్నర నుంచి రెండున్నర లక్షలు, దానికి తగ్గ లెన్సులు కొంటే మళ్లీ అంత. డబ్బు పెద్ద విషయమే, కాదనను. కానీ ఎందుకు మారుతున్నామో తేలకుండా డబ్బు తేవడం నాకిష్టం లేదు.

మొదట ఫుల్ ఫ్రేమ్ అనే ఆ కొలత సంగతి చూద్దాం. 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న సెన్సార్‌ను ఫుల్ ఫ్రేమ్ అంటున్నాం. ఈ కొలత వచ్చింది సినిమా రీలు నుంచి. మూవీ కెమెరాలో 35 ఎంఎం ఫిల్మ్ నిలువుగా నడుస్తుంది, ఒక్కో బొమ్మ దాదాపు 24కు 18 మిల్లీమీటర్లు. జర్మనీలో లైట్జ్ కంపెనీ ఇంజనీరు ఆస్కార్ బార్నాక్ అదే ఫిల్మును అడ్డంగా నడిపి, రెండు బొమ్మల జాగాలో ఒక్క ఫొటో తీసే చిన్న కెమెరా తయారుచేశాడు. 1925లో అది లైకా పేరుతో అమ్మకానికి వచ్చింది. నాకు పని నేర్పిన గురువుగారు షూటింగుల్లో స్టిల్స్ తీసేవారు, ముహూర్తాల రోజుల్లో పెళ్లిళ్లు తీసేవారు. ఆయన నికాన్ ఎఫ్ఎం2లో పడిన ప్రతి రీలూ ఈ కొలతదే. దానికి వేరే పేరు పెట్టాల్సిన అవసరం అప్పట్లో మాకు కలగలేదు. డిజిటల్ వచ్చాక అంత పెద్ద సెన్సార్ తయారుచేయడం బాగా ఖర్చు గనక, మాకు అందే ధరలో వచ్చిన కెమెరాలన్నీ చిన్న సెన్సార్‌వే, అంటే మా కుర్రాడు అన్న క్రాప్ సెన్సార్‌వే. 2005లో కానన్ 5డీ, 2008లో వీడియో కూడా తీసే 5డీ మార్క్ 2 వచ్చాక పెద్ద సెన్సార్ మళ్లీ మనుషుల చేతికి అందింది. 2011లో రామ్‌గోపాల్ వర్మ 'దొంగల ముఠా'ను కానన్ 5డీ కెమెరాలతో అయిదు రోజుల్లో తీసినప్పుడు ఫిల్మ్‌నగర్ అంతా దాని గురించే మాట్లాడుకుంది. సినిమా రీలు నుంచి పుట్టిన కొలత, ఫొటోల కెమెరాలో పెరిగి, తిరిగి సినిమాకే వచ్చింది. కాబట్టి మా కుర్రాడు పై మెట్టు అనుకుంటున్నది మా గురువుగారు రోజూ వాడిన కొలతే. దాని పైన ఇంకా మెట్లున్నాయి. 44కు 33 మిల్లీమీటర్ల సెన్సార్లు కూడా బజారులో ఉన్నాయి. పెద్దదానికోసం వెతికితే ఆ వెతుకులాటకు అంతు ఉండదు. దేనికోసం అన్నది తేలితేనే ఎక్కడ ఆగాలో తెలుస్తుంది.

దేనికోసమో నాకు మండపంలోనే తేలింది. మన పెళ్లిళ్లలో సగం ముహూర్తాలు రాత్రివేళ. శుభలేఖ మీద 2 గంటల 14 నిమిషాలకు అని నిమిషంతో సహా అచ్చువేస్తారు. జూబ్లీహిల్స్ కన్వెన్షన్ హాళ్లలో సినిమా సెట్‌కు సరిపడా లైట్లు ఉంటాయి గానీ, గుళ్లో చేసుకునే పెళ్లిలో, ఇంటి ముందు పందిట్లో చేసుకునే పెళ్లిలో ఉన్న వెలుగు కుందులదీ, హోమానిదీ. చిన్న సెన్సార్‌తో ఆ వెలుగులో తీస్తే బొమ్మంతా గింజలు గింజలుగా వస్తుంది. అందుకని ఫ్లాష్ కొడతాం. ఫ్లాష్ కొట్టిన ఫొటోలో ఏమవుతుందో ఎప్పుడైనా గమనించండి. మధుపర్కాల తెలుపు తెల్లకాగితంలా మెరుస్తుంది, ముఖాలు పట్టపగల్లా ఉంటాయి, అగ్ని మాత్రం పాలిపోయిన గీతగా మిగులుతుంది. ముఖాల మీద ఆడుతున్న దాని వెలుగు పూర్తిగా పోతుంది. పెళ్లికి సాక్షి ఎవరో ఆయన్ని మా వెలుగుతో చెరిపేసి, పెళ్లి ఫొటో అని ఇస్తున్నామన్నమాట. పెద్ద సెన్సార్ వైశాల్యం చిన్నదానికి రెండింతల పైచిలుకు. అదే అపర్చర్‌తో, అదే షట్టర్ వేగంతో తీస్తే దాని మీద పడే మొత్తం వెలుగు కూడా రెండింతల పైనే. ఐఎస్ఓ 6400 పెట్టి, లెన్స్ బాగా తెరిచి, ఫ్లాష్ ఆపేసి తీస్తే హోమం వెలుగే ఫొటోను తీస్తుంది. పెళ్లికూతురి చెంప మీద పడిన ఆ బంగారు రంగు నిజంగా ఆ రాత్రి అక్కడ ఉన్నదే. ఈ ఒక్క కారణం చాలు కెమెరా మార్చడానికి అనిపించింది.

కానీ ఇంకొక సంగతి ఉంది, అది సెన్సార్‌కు అందేది కాదు. సుముహూర్తం వేళ వధూవరుల మధ్య అడ్డుతెర ఉంటుంది. ఒకరి తల మీద ఒకరు జీలకర్ర-బెల్లం పెడతారు, తెర దించుతారు, ఒకరినొకరు కనుబొమల మధ్య చూసుకోమని పురోహితుడు చెబుతాడు. శాస్త్రం ఆ క్షణానికి ఒక చూపును నియమించింది. సరిగ్గా ఆ క్షణంలోనే మా వాళ్లు "సార్, ఇటు! మేడమ్, కెమెరా వైపు!" అని అరుస్తారు. ఒకరికొకరు ఇవ్వవలసిన తొలి చూపు గాజుముక్కకు పోతుంది. తాళి కట్టేటప్పుడు "మూడో ముడి ఆపండి, ఫోకస్ రావాలి" అనడం, తలంబ్రాలు మళ్లీ పోయించడం, సప్తపదిలో అయిదో అడుగు దగ్గర నిలబెట్టడం, ఇవన్నీ మీరూ చూసే ఉంటారు. ఒక వృద్ధ పురోహితుడు మా వాళ్లతో కోపం లేకుండానే అన్న మాట నాకు గుర్తుండిపోయింది: "నాయనా, నువ్వు చెయ్యెత్తితే నా చెయ్యి ఆగుతుంది గానీ లగ్నం ఆగదు. జరిగేదాన్ని తీసుకో, నువ్వు జరిపించకు."

మా పేటలో ఈ మాట మరీ ముఖ్యం. ఫిల్మ్‌నగర్‌లో మాకు అబ్బిన చదువంతా సినిమాది. సినిమా మొదలుపెట్టేటప్పుడు తొలి షాట్ దేవుడి పటాల మీద తీస్తారు. దైవసన్నిధానం గుళ్లో గానీ స్టూడియోలో గానీ పూజ చేసి, ఒకరు కెమెరా స్విచాన్ చేస్తే ఒకరు క్లాప్ కొడతారు. ఆ తర్వాత సెట్‌లో ఏది జరిగినా డైరెక్టర్ "యాక్షన్" అన్నాకే జరుగుతుంది. బాగా రాకపోతే ఇంకో టేక్. సినిమాలో అదే ధర్మం, అందులో తప్పేం లేదు. తెర మీద కట్టే తాళి ఎన్నిసార్లు కట్టినా ఎవరి బతుకూ మారదు. మండపంలో సైగ ఇచ్చేది మేం కాదు. పురోహితుడు చెయ్యి ఊపి "గట్టిమేళం!" అంటాడు. అప్పుడు కట్టిన ముడి ఒక్కసారే పడుతుంది. సెట్‌లో నేర్చిన చదువును మండపంలోకి అలాగే మోసుకుపోతే, పెళ్లిని మనం సినిమా చేస్తున్నాం. భద్రాచలంలో ఏటా చైత్రశుద్ధ నవమినాడు జరిగే సీతారాముల కల్యాణాన్ని టీవీలో ప్రత్యక్షంగా చూస్తాం కదా. అభిజిత్ లగ్నం వచ్చేసరికి జీలకర్ర-బెల్లం పెట్టేస్తారు. అన్ని కెమెరాలు ఉన్నా అక్కడ ముహూర్తానిదే పైచెయ్యి. దేవుడి పెళ్లికి ఇచ్చే మర్యాద మనిషి పెళ్లికి ఎందుకివ్వకూడదు?

ఇక్కడే నా మొదటి ప్రశ్నకు మళ్లీ వస్తాను. నేను సాక్షినా? వేదాంతంలో సాక్షి అన్నవాడు చూస్తాడు తప్ప దేన్నీ కదపడు, ఏదీ కోరడు, దేన్నీ ఎంచడు. నేను ఎంచుతాను. ఈ కోణం, ఆ క్షణం, ఈ ముఖం అని ఎంచడమే నా పని. ఎంచేవాడు ఆ అర్థంలో సాక్షి ఎలా అవుతాడు? 'దృగ్దృశ్యవివేకం' అనే చిన్న గ్రంథం ఈ విషయంలో నాకు చాలా సాయం చేసింది. రూపాన్ని కన్ను చూస్తుంది, కంటిని మనసు చూస్తుంది, మనసును సాక్షి చూస్తాడు, ఆ సాక్షిని చూసేది మరేదీ లేదు అని దాని వాదం. ఆ లెక్కలో కెమెరా ఎంత పెద్దదైనా చూడబడే వస్తువుల పక్షానిదే. చూసేవాడి పక్షానికి అది ఎప్పటికీ రాదు. సెన్సార్ పెంచితే దృశ్యం మెరుగవుతుంది. ద్రష్ట మెరుగవడు.

అయితే నా స్థానం ఎక్కడ? 14వ శతాబ్దంలో విద్యారణ్యులు రాసిన 'పంచదశి' పదో ప్రకరణానికి నాటకదీపమని పేరు. నాట్యశాలలో వెలిగే దీపం ప్రభువునూ, సభలో కూర్చున్నవాళ్లనూ, నర్తకినీ సమానంగా వెలిగిస్తుంది, అందరూ వెళ్లిపోయాక కూడా వెలుగుతూనే ఉంటుంది. ఆ దీపమే సాక్షి. అహంకారం ప్రభువు, విషయాలు సభ్యులు, బుద్ధి నర్తకి. మరి ఇంద్రియాలు? తాళం వేసేవాళ్లు. ఇది చదివినప్పుడు నాకు పెద్ద బరువు దిగినట్టయింది. కెమెరా నా కంటికి కొనసాగింపు, ఇంద్రియాల జాతిది. దాని చోటు దీపం దగ్గర కాదు, తాళం వేసేవాళ్ల దగ్గర. మండపంలో నిజంగానే మేం నిలబడేది సన్నాయి, డోలు వాళ్ల పక్కన. వాళ్లను చూసి నేర్చుకోవలసింది చాలా ఉంది. పురోహితుడి చేతి మీద వాళ్లకు ఎప్పుడూ ఒక కన్ను ఉంటుంది. సైగ రాగానే అందుకుంటారు. "ఆగండి, శ్రుతి చేసుకోవాలి" అని తాళిని ఆపించిన సన్నాయి విద్వాంసుణ్ణి నేను చూడలేదు. శ్రుతి ముందే చేసుకొని వస్తారు. పక్కవాద్యం వాయించేవాడికి మంచి వాద్యం ఉండాలని కోరుకోవడం అత్యాశ కాదు, అది వాడి వృత్తిధర్మం. పాట నడకకు అడ్డం రాకుండా వెంట నడవగలగాలి. కెమెరా మార్చడానికి ఇంతకు మించిన ధర్మబద్ధమైన కారణం నాకు దొరకలేదు.

మేం పెళ్లిలో జోక్యం చేసుకోవడానికి రెండు మూలాలున్నాయి. ఒకటి అశక్తి. చీకటిలో ఫోకస్ కుదరదు, చెయ్యి వణికినా బొమ్మ చెదురుతుంది, అందుకని ఆపమంటాం. రెండోది అహంకారం. నా ఫొటో బాగుండాలి, నా పేజీలో పెట్టుకోవాలి, కాబట్టి వాళ్ల క్షణం నా చెప్పుచేతల్లో నడవాలి. పెద్ద సెన్సార్ మొదటిదాన్ని చాలావరకు తీరుస్తుంది. రెండోదాన్ని ముట్టుకోనైనా ముట్టుకోదు. చెప్పాలంటే పెంచినా పెంచుతుంది.

దానికి ఉదాహరణ మసక. ఫుల్ ఫ్రేమ్ అనగానే మా కుర్రాళ్లకు నోరూరేది వెనకంతా కరిగిపోయిన ఫొటోలకే. 85 ఎంఎం లెన్స్‌ను ఎఫ్ 1.4 దగ్గర తెరిచి నాలుగు మీటర్ల దూరంలో ఫోకస్ చేస్తే, స్పష్టంగా ఉండే లోతు జానెడు కూడా ఉండదు. పెళ్లికూతురి కళ్లు ఉంటాయి, వెనక మనుషులు రంగు మరకలవుతారు. ఆ మరకల్లో ఎవరున్నారు? బుట్టలో కూర్చోబెట్టి ఆమెను మోసుకొచ్చిన మేనమామ ఉన్నాడు. కాళ్లు కడిగి కన్యాదానం చేసి, కళ్లు తుడుచుకుంటున్న తండ్రి ఉన్నాడు. ఇరవై ఏళ్ల తర్వాత ఆల్బమ్ తిప్పేటప్పుడు ఆ ఇంట్లో వాళ్లు వెతికేది ఎక్కువగా వీళ్లనే. నాటకదీపం సభలోవాళ్లను కూడా సమానంగా వెలిగిస్తుందని విద్యారణ్యులు చెప్పింది నేను ఇక్కడ అన్వయించుకుంటాను. 35 ఎంఎం లెన్స్, ఎఫ్ 2.8, అదే నాలుగు మీటర్ల దూరం. మూడు మీటర్ల నుంచి అయిదున్నర మీటర్ల దాకా దాదాపు అందరూ స్పష్టంగా ఉంటారు. జంటా ఉంటుంది, మేనమామా ఉంటాడు. భౌతికశాస్త్రం ఇక్కడ నిక్కచ్చిగా ఉంటుంది. చిన్న సెన్సార్ ఇచ్చిన లోతంతా కావాలని అపర్చర్ మూసుకుంటూ పోతే, పెద్ద సెన్సార్ తెచ్చిన అదనపు వెలుగు కూడా పోతుంది. రెండూ కలిపి ఎవరికీ ఇవ్వదు. మసక కావాలా, మనుషులు కావాలా, అగ్ని వెలుగు కావాలా అని క్షణక్షణం తేల్చుకోవాల్సింది మనమే. డబ్బుతో కొనుక్కునేది ఆ ఎంపికకున్న వీలును మాత్రమే.

పెళ్లి చివర్లో అరుంధతీ దర్శనం ఉంటుంది. సప్తర్షి మండలం తోకలో నడిమి నక్షత్రం వసిష్ఠుడు, దాన్ని ఆనుకొని ఉన్న సన్నని చుక్క అరుంధతి. వైశాఖంలో తొలిరాత్రి వేళ ఆ మండలం మన ఉత్తరాన బాగా పైకి ఉంటుంది. కానీ జూబ్లీహిల్స్ దీపాల వెలుగులో ఆ చుక్క మామూలు కంటికి ఆనడం కష్టం. పగటి ముహూర్తమైతే చుక్కల ఊసే లేదు. పురోహితుడు వేలు చూపిస్తాడు, వాళ్లు తలెత్తి నమస్కరిస్తారు. ఫుల్ ఫ్రేమ్ కెమెరాను స్టాండు మీద పెట్టి, రాత్రివేళ రెండు సెకన్లు తెరిచి ఉంచితే అరుంధతి ఫొటోలో పడుతుంది. మనుషుల కంటికి దొరకనిది కెమెరాకు దొరికింది గదా అని ఆ జంటను అప్పుడే స్క్రీనులోకి చూడమనాలనిపిస్తుంది. నేను అలా చేయకూడదనుకుంటాను. శంకరులు బ్రహ్మసూత్ర భాష్యంలో స్థూలారుంధతీ న్యాయాన్ని ప్రస్తావిస్తారు. సన్నని అరుంధతిని చూపడానికి ముందు దగ్గర్లోని పెద్ద నక్షత్రాన్ని చూపి, ఇదే అరుంధతి అంటారు. చూపు అక్కడ నిలిచాక దాన్ని వదిలించి అసలు అరుంధతి వైపు నడిపిస్తారు. పెద్ద చుక్క అబద్ధం కాదు, గమ్యమూ కాదు. ఆల్బమ్ అయినా, కెమెరా అయినా నా దృష్టిలో ఆ పెద్ద చుక్కే. దాన్ని పట్టుకొని ఆ రోజు చేసిన ప్రమాణం దాకా వెళ్లగలగాలి. తల పైకెత్తవలసిన జంటను తల దించి తెరలోకి చూడమంటే, దారి చూపవలసిన చుక్కే దారికి అడ్డం పడుతుంది. ఫొటో మరుసటి వారం ఇవ్వొచ్చు. ఆకాశం వైపు ఆ చూపు మాత్రం ఆ రాత్రే జరగాలి.

డబ్బు సంగతి కూడా ధర్మంలోదే. యోగశాస్త్రం యమాల్లో అపరిగ్రహాన్ని చేర్చింది. అవసరానికి మించి పోగేసుకోకపోవడం. మా పేటలో కెమెరాలు, లెన్సులు రోజువారీ అద్దెకు దొరుకుతాయి. పెద్ద ముహూర్తానికి అద్దెకు తెచ్చుకొని పని ముగించుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు. ఈఎంఐ భారం దించుకోవడానికి ప్యాకేజీ పెంచితే, ఆ భారం చివరికి కూతురి పెళ్లికి అప్పుచేసిన తండ్రి మీద పడుతుంది. ఏడాది పొడుగునా నిజంగా పని ఉన్నవాడే కొనాలి. కొన్నదాన్ని నాలుగైదేళ్లు మనస్ఫూర్తిగా వాడుకోవాలి. రెండు కార్డుల్లో ఒకేసారి రాసే బాడీ అయితే మరీ మంచిది. తిరిగిరాని రోజును ఒక్క కార్డు మీద నమ్మి ఉంచడం బాధ్యత అనిపించుకోదు. దసరాకు ఆయుధపూజ చేసేటప్పుడు పసుపు, కుంకుమ పెట్టేది ఈ బాధ్యతకే అని నా నమ్మకం.

ఇంత ఆలోచించాక నేను కొనడానికే నిశ్చయించుకున్నాను. మా కుర్రాడికి చెప్పిన షరతులు మూడు. హోమం మొదలయ్యాక ఫ్లాష్ వెయ్యకూడదు. తెర దిగే క్షణంలో ఎవరినీ కెమెరా వైపు చూడమనకూడదు. ముహూర్తం వేళకు రెండు గంటల ముందే వెళ్లి, పురోహితుణ్ణి కలిసి, ఆయన ఏ వైపు కూర్చుంటారో, ఏ క్రమంలో చేయిస్తారో అడిగి, మన చోటు మనం చూసుకోవాలి. సన్నాయివాళ్లు ముందే శ్రుతి చేసుకున్నట్టు మనమూ చేసుకోవాలి. సాక్షికి ఏ కన్నూ అక్కర్లేదు. అగ్నికి లెన్స్ లేదు. మంచి కన్ను కావలసింది వెంట నడిచే మాకే. ఇన్నాళ్లూ చీకటి మీద, కెమెరా మీద నెపం వేసి "ఒక్క నిమిషం గురువుగారూ" అనే వీలు మా వృత్తికి ఉండేది. ఈ కెమెరా చేతికి వచ్చాక ఆ నెపం చెల్లదు. ఆ తర్వాత కూడా ఆ మాట మా నోట వస్తే, దిద్దుకోవలసింది మనిషిని. నేను అంత డబ్బు పెడుతున్నది ముందుగా ఆ నెపాన్ని వదిలించుకోవడానికే.